ముగ్గురు వాయిస్తే ఒక్కరి పేరేనా?

సంపాదకులకు నమస్కారం.

పేరున్న ఒక గిటారిస్టు కొత్త త్రయంతో పర్యటనకు బయల్దేరారని, పాడేవాళ్లెవరూ ఉండరని, అంతా జాజ్-రాక్ వాద్య సంగీతమేనని మీ వినోదం పేజీలో రాశారు. సంతోషం. గాయకుడు లేని కచేరీకి అంత చోటు దొరకడమే అరుదు. కానీ ఆ వార్తలో గిటారిస్టు వేళ్ల వేగం గురించి ఉంది, ఆయన వాడే గిటార్ల గురించి ఉంది, చిన్నప్పుడు ఎవరి రికార్డులు విని పెరిగారో కూడా ఉంది. బేస్ (కింది స్వరాలు పలికే గిటార్), డ్రమ్స్ వాయించేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ‘మరో ఇద్దరు సంగీతకారులు’ అని ఊరుకున్నారు. ఫొటోలోనూ ఆయనొక్కరే. త్రయం కొత్తది కావడమే వార్త అయితే, ఆయన పక్కన కొత్తగా చేరింది ఆ ఇద్దరే కదా!

నేను బేస్ గిటార్ కొద్దిగా వాయిస్తాను, వృత్తిగా కాదు. అందుకని నాకు పక్షపాతం ఉందనుకున్నా ఫర్వాలేదు. కీబోర్డు లేని త్రయంలో గిటారిస్టు సోలో అందుకోగానే వెనక కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) పట్టేవాళ్లు ఎవరూ మిగలరు. ఆ బరువంతా బేస్ మీద పడుతుంది. మనం ఏ కార్డ్ మీద ఉన్నామో చెవికి అందించడానికి బేసిస్టు కింది స్వరాన్ని వదలకుండానే పై తీగ మీద ఇంకో స్వరం కలుపుతాడు. ఒక్కోసారి కింది స్వరాన్నే మార్చేస్తాడు. అంతే, గిటారిస్టు వాయించే స్వరాల వరస అదే అయినా ఇందాక తేలిగ్గా వినిపించింది కాస్తా దిగులుగా వినిపిస్తుంది. డ్రమ్మర్ పని ఇంకో రకం. తాళం ఏడు లెక్కలో నడుస్తుంటే మొదటి దెబ్బను ప్రతిసారీ గట్టిగా కొట్టి చూపించడు. రైడ్ సింబల్ అనే లోహపు పళ్లెం మీద లెక్క నడిపిస్తూ, గిటారిస్టు ఎక్కడ వాలబోతున్నాడో ముందే పసిగట్టి, సరిగ్గా అక్కడ కాలితో కిక్ డ్రమ్ వేస్తాడు. హాల్లో జనం ఒక్కసారిగా కేకలు వేసేది అప్పుడే. మర్నాడు పేపర్లో మాత్రం ఆ కేకలన్నీ గిటారిస్టు ఖాతాలో జమ అవుతాయి.

అసలు ఈ సంగీతానికి దారి వేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన త్రయం ‘లైఫ్‌టైమ్’. 1969లో దాన్ని పెట్టింది గిటారిస్టు కాదు, డ్రమ్మర్ టోనీ విలియమ్స్. పదిహేడేళ్లకే జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ బృందంలో చేరిన విలియమ్స్‌కి అప్పటికి ఇరవై మూడేళ్లు. జాన్ మెక్‌లాఫ్లిన్ ఇంగ్లండ్ నుంచి న్యూయార్క్ వచ్చింది ఆయన దగ్గర గిటార్ వాయించడానికి! మూడో మనిషి లారీ యంగ్, ఆర్గన్. (విలియమ్స్ అక్కడక్కడా పాడారు కూడా. ఆ పాటలు లేకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం.) 1976లో వచ్చిన గిటారిస్టు పాట్ మెథెనీ మొదటి ఆల్బమ్‌నే తీసుకోండి, అదీ త్రయమే. గిటార్ కోసం మొదలుపెట్టినవాళ్లు కూడా కాసేపటికి జాకో పాస్టోరియస్ బేస్ వెంటపడి పోతారు. డ్రమ్స్ మీద ఉన్న బాబ్ మోజెస్‌ని అప్పుడు కూడా చాలామంది మరిచిపోతారు, అది వేరే సంగతి.

‘ఆ పేరు చూసే కదా టికెట్లు కొంటారు’ అని మీరు అనొచ్చు. నిజమే. శీర్షికలో ఆయన పేరే పెట్టండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. రాక్ గిటారిస్టుల్లో జెఫ్ బెక్‌ని మించిన పేరు ఏముంటుంది? అయినా 1989లో ఆయన ‘గిటార్ షాప్’ ఆల్బమ్ అట్ట మీద డ్రమ్మర్ టెర్రీ బోజియో, కీబోర్డు వాయించిన టోనీ హైమస్ పేర్లు కూడా వేశారు. గ్రామీ అవార్డు వచ్చింది, బెక్ పేరు ఏమీ తరగలేదు. ఈ రోజుల్లో అయితే గిటారిస్టు గథ్రీ గోవన్ ఉన్నారు. వేగం కోసమే గిటార్ వినేవాళ్లు కూడా ఆయన పేరు చెప్పగానే లేచి కూర్చుంటారు. 2011లో బేసిస్టు బ్రయన్ బెలర్, డ్రమ్మర్ మార్కో మినెమన్‌లతో కలిసి ఆయన మొదలుపెట్టిన ‘అరిస్టోక్రాట్స్’ తొలి ఆల్బమ్‌లో తొమ్మిది ట్యూన్లుంటే తలా మూడు కట్టారు. అలాంటి బృందం గురించి రాస్తూ ఒక్కరి పేరే వేస్తే, మిగతా ఆరు ట్యూన్లూ ఎవరివనుకోవాలి?

ఎల్‌పీ రికార్డుల కాలంలో అట్ట వెనక్కి తిప్పితే ఎవరు ఏం వాయించారో ఉండేది. ఇప్పుడు పాటల యాప్‌లో ముందు కనబడేది ఒక్క పేరు. మిగతావాళ్ల కోసం వెతుక్కోవాలి, వెతికేంత ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఈ బేసిస్టులు, డ్రమ్మర్లు చాలామందికి నెల జీతాలుండవు. ఈ పర్యటన అయిపోతే మళ్లీ ఇంకొకరు పిలవాలి. పేరు తెలిస్తేనే పిలుపు వస్తుంది. పేపర్ కటింగ్ చూపించుకుందామంటే అందులో ‘మరో ఇద్దరు’ అని ఉంటే ఏం లాభం?

పోస్టర్లు, టికెట్ సైట్లు నిర్వాహకుల చేతిలో ఉన్నాయి, వాళ్లకు కూడా ఇదే చెప్పాలి. మీ చేతిలో ఉన్నది మాత్రం చిన్న పని. ముగ్గురి పేర్లు, ఎవరు ఏ వాద్యం, అంతే. గిటార్ల జాబితాలో ఒక్క వాక్యం తీసేస్తే ఆ చోటు దొరుకుతుంది. ఫొటో కూడా ముగ్గురూ ఉన్నది అడిగి తీసుకోవచ్చు, పర్యటనకు బయల్దేరే బృందాలు అలాంటిది ఒకటి ఎలాగూ తీయించుకుంటాయి. సమీక్ష రాసే విలేకరి పేర్ల కోసం తడుముకోనక్కర్లేదు. ఇలాంటి కచేరీల్లో గిటారిస్టే మైకు తీసుకుని ఆ ఇద్దరినీ పేరుపేరునా పరిచయం చేయడం మామూలే. అప్పుడు పెన్ను తీస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు