బాకీ ఒకరిది, ఫోన్లు ఊరందరికీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది టంగుటూరు, ఎరువులు పురుగుమందుల కొట్టు. చుట్టుపక్కల పొగాకు రైతులు చాలామందికి మా దగ్గర ఖాతా ఉంది, అందుకని ఎక్కడ లోన్ తీసుకున్నా ఫారంలో రిఫరెన్స్ అని అడిగే చోట మా కొట్టు నంబర్ రాసేస్తారు, ఒక్కోసారి నాకో మాట చెప్పను కూడా చెప్పరు. ఇంక చూడండి, ట్రాక్టర్ ఫైనాన్స్ అయినా బైక్ ఫైనాన్స్ అయినా పర్సనల్ లోన్ అయినా ఎవరి కిస్తీ తప్పినా మోగేది మా కౌంటర్ మీద ఫోనే. అది కూడా మందు డబ్బాల కోసం జనం నిలబడి ఉన్నప్పుడే.

"ఫలానా ఆయన మీకు తెలుసు కదా సార్, ఫోన్ ఎత్తట్లేదు, ఇంటికెళ్లి చెప్పండి, లేదంటే మీరన్నా కట్టండి" అంటది ఫైనాన్స్ కంపెనీ తరఫున ఒకమ్మాయి. నేను షూరిటీ సంతకం పెట్టలేదమ్మా అంటే "మరి మీ నంబర్ ఎందుకిచ్చాడు సార్" అని నన్నే నిలదీస్తది. పెట్టేస్తే ఇంకో నంబర్ నుంచి మగ గొంతు, ఈసారి నువ్వు అనడమే. బ్లాక్ చేస్తే మూడో నంబర్. డీఎన్‌డీ పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు గానీ అది ప్రచారం కాల్స్ కోసం, వీళ్లు దానికి ఆగరు.

అప్పు ఎగ్గొట్టేవాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకుని రాస్తున్నానని అనుకోవద్దు, నేనూ బాకీలు వసూలు చేసుకు బతికేవాడినే, ఊళ్లో నాకు రావాల్సింది తక్కువేం కాదు. కాకపోతే పొగాకు రైతు చేతికి డబ్బు ఎప్పుడొస్తదో నాకు తెలుసు. అక్టోబర్ నవంబర్లో నాట్లు, సంక్రాంతి అటూ ఇటూగా ఆకు కోసి బ్యారన్లో క్యూరింగ్ (వేడి పెట్టి ఆరబెట్టడం), ఆ తర్వాత గ్రేడు చేసి బేళ్లు కట్టి వేలం కేంద్రానికి తోలడం, వేలం మొదలయ్యేదాకా పైసా రాదు, అప్పుడైనా పంట లోన్ ముందు బ్యాంక్ పట్టుకోగా మిగిలిందే రైతుకి, లో గ్రేడ్ బేళ్లు నో బిడ్, అంటే ఎవరూ పాడలేదని వెనక్కొస్తే అదీ లేదు. అట్టాంటి మనిషికి నెలనెలా కిస్తీ పెట్టి లోన్ ఇచ్చింది వాళ్లే, డిసెంబర్లో ఎందుకు కట్టలేదని పొద్దస్తమానం ఫోన్లు చేసేదీ వాళ్లే. నేనైతే బేళ్లు అమ్ముడుపోయిన వారంలో వెళ్తాను, అరుగు మీద కూర్చుని ఆయన్నే అడుగుతాను, ఆయన వియ్యంకుణ్ణి అడగను.

వియ్యంకుడు అని ఊరికే అనలా. మా ఖాతాదారు ఒకాయన బైక్ లోన్ కిస్తీ కట్టలేదని కావలిలో ఉన్న కూతురు అత్తగారింటికి ఫోన్ చేశారు. వాళ్ల నంబర్ ఎట్టా వచ్చిందో ఆయనకి ఇప్పటికీ తెలియదు. పండక్కి కూతుర్ని తీసుకురావడానికి కూడా ఆయన పోలేదు, భార్యని పంపించాడు. ఇప్పుడు తెలియని నంబర్ ఏదొచ్చినా ఎత్తడు, ఆ మధ్య బేళ్లు తోలాల్సిన బండి డ్రైవర్ బయల్దేరానని చెప్పడానికి చేస్తే అదీ ఎత్తలా, చివరికి ఆ డ్రైవర్ మా కొట్టుకే చేశాడు. కంపెనీకి ఒరిగిందేందయ్యా అంటే ఆ మనిషి వాళ్లకీ దొరకట్లేదు.

ఇదంతా చెయ్యకూడదని రూల్ ఉంది సార్. 2022 ఆగస్టు 12న రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ఇచ్చింది, కట్టాల్సిన బాకీ కోసం పొద్దున 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు, బెదిరించకూడదు, పదే పదే చెయ్యకూడదు, నలుగురిలో పరువు తియ్యకూడదు, ఇంట్లో వాళ్ల, రిఫరెన్స్ ఇచ్చినవాళ్ల, స్నేహితుల జోలికి పోయి వేధించకూడదు అని స్పష్టంగా ఉంది. మైక్రోఫైనాన్స్ లోన్లకైతే ఇంకా తక్కువ టైం, 9 నుంచి 6 దాకానే. బయటి ఏజెన్సీకి వసూలు అప్పజెప్తే దాని వివరాలు బ్యాంక్ ముందే అప్పు తీసుకున్నాయనకి చెప్పాలి, ఇంటికొచ్చే ఏజెంట్ దగ్గర ఐడీ కార్డూ అధికార పత్రమూ ఉండాలి. మనకిది కొత్త కూడా కాదు, 2010లో మైక్రోఫైనాన్స్ వాళ్ల ఒత్తిడి తట్టుకోలేక జనం ప్రాణాలు తీసుకుంటుంటే మన రాష్ట్రమే ఆర్డినెన్స్ తెచ్చింది. రూల్స్‌కి కొదవ లేదు, మా ఊళ్లో ఎవరికీ తెలియదు అంతే.

తెలిసినప్పటి నుంచి నేను చేసే పని చెప్తాను. ఫోన్ రాగానే కోప్పడను. నీ పేరేంది, ఏ ఏజెన్సీ, ఏ కంపెనీ తరఫున, లోన్ నంబర్ ఎంత, కాల్ రికార్డ్ అవుతోంది చెప్పు అంటాను. సగం మంది అక్కడే పెట్టేస్తారు. చెప్పినవాళ్లకి నేను షూరిటీ కాదు, ఈ నంబర్ తీసెయ్యండి అని ఒకటే మాట, అదే మాట కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ కూడా పెడతాను, తేదీ, టైం, వచ్చిన నంబర్ రాసి. అసలు అప్పు తీసుకున్న మనిషి రాస్తే ఇంకా బలం, కానీ సిగ్గుతో రాయడు. రాసి 30 రోజులైనా జవాబు రాకపోతే బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, రూపాయి ఖర్చు లేదు, ఎట్టా పెట్టాలో 14448కి చేస్తే తెలుగులోనే చెప్తారు. డబ్బు కట్టేటప్పుడు మాత్రం ఏజెంట్ సొంత ఫోన్‌పే నంబర్‌కి వెయ్యొద్దు, లోన్ ఖాతాకే కట్టి రసీదు తీసుకోవాలి, ఇది మా రైతులకి మరీ మరీ చెప్తున్నా.

లోన్ యాప్‌ల గోల వేరే. ఫోన్లో ఉన్న నంబర్లు, ఫొటోలు యాప్ తీసుకోకూడదని 2022 సెప్టెంబర్లోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది, బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ వాడే యాప్‌ల జాబితా 2025 జులై నుంచి రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్లోనే ఉంది. అందులో లేని యాప్ మార్ఫింగ్ ఫొటోలు పంపిస్తానని బెదిరిస్తే వాడితో బేరం ఆడకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యాలి, ఫోన్లో మెసేజ్‌లు చెరిపెయ్యకూడదు. మా పిల్లకాయలు భయపడి ముందు చెరిపేసేది అదే.

మీ పత్రిక ద్వారా అడిగేది ఒకటే. ఒంగోలు నుంచి సింగరాయకొండ దాకా ఏ బ్యాంక్ బ్రాంచికెళ్లినా గోడ మీద గోల్డ్ లోన్ వడ్డీ పోస్టర్ పెద్ద అక్షరాల్లో తెలుగులో కనపడతది, ఈ ఫోన్ల టైమింగులూ ఫిర్యాదు నంబరూ మాత్రం కనపడవు. బ్రాంచిల్లో, ఫైనాన్స్ ఆఫీసుల్లో, పొగాకు వేలం కేంద్రాల్లో రైతు నిలబడి చదివేంత సైజులో తెలుగు బోర్డు పెట్టించమని కలెక్టర్ గారినీ లీడ్ బ్యాంక్ మేనేజర్ గారినీ కోరుతున్నా. వేలం మొదలయ్యే లోపే పెడితే మంచిది. ఈలోపు మీరు జిల్లా పేజీలో ఆ రెండు నంబర్లు, టైమింగులు వేస్తే కత్తిరించి మా కౌంటర్ అద్దం మీద నేనే అంటించుకుంటాను.

ఇట్లు,
ఒక ఎరువుల వ్యాపారి,
టంగుటూరు, ప్రకాశం జిల్లా