చూపు లేని పెద్దలకు వ్యాయామం బొమ్మల్లో కాదు, మాటల్లో చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

పత్రికల ఆరోగ్య పేజీల్లో వయసు మళ్లినవారి కోసం వ్యాయామాలు తరచూ వస్తున్నాయి. మంచిదే. కానీ చాలావాటిలో ఉండేది నాలుగు ఫొటోలు, వాటి కింద ‘ఇలా 10 సార్లు చేయాలి’ అన్న ఒక్క వాక్యం. చూపు లేని పెద్దవాళ్లకు దాన్ని మనవరాలు చదివినా ఫోన్ చదివినా ఏ కాలు ఎటు కదపాలో తెలియదు. వీడియోలూ అంతే. పాట మోగుతుంటుంది, శిక్షకుడు చేసి చూపిస్తాడు, నోరు మాత్రం విప్పడు.

ఇక ఇంట్లోవాళ్లు ‘పడితే ఎలా’ అన్న భయంతో పెద్దవాళ్లను కుర్చీకే పరిమితం చేస్తారు. ప్రేమతోనే చేస్తారు గానీ దానివల్ల పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మనిషి తూలకుండా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, పాదాల నుంచీ కీళ్ల నుంచీ అందే స్పర్శ కలిసి పనిచేయాలి. కళ్లు లేనప్పుడు మిగతా రెండే దిక్కు. మధుమేహంతో చూపు పోయినవారికి అరికాళ్ల స్పర్శ కూడా మొద్దుబారి ఉండొచ్చు. కదలకుండా కూర్చుంటే తొడల్లో, పిక్కల్లో కండ తగ్గిపోయి, తూలినప్పుడు నిలదొక్కుకునే బలం కూడా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 65 దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి. కనీసం మూడు రోజులు నిలకడనూ బలాన్నీ పెంచే వ్యాయామాలు కూడా చేయాలి. వైకల్యం ఉన్నవారికీ వ్యాయామం అవసరమేనని ఆ మార్గదర్శకాలు విడిగా చెప్పాయి.

వ్యాయామం ఒక్కటే అన్నీ సరిచేస్తుందని మేం అనడం లేదు. న్యూజిలాండ్‌లో చూపు బాగా తగ్గిన, 75 దాటిన 391 మందిపై చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. నిపుణులు ఇంటికొచ్చి ప్రమాదకరమైనవి సరిచేసిన బృందంలో పడిపోవడాలు సుమారు 41 శాతం తగ్గాయి. వ్యాయామం ఇచ్చిన బృందంలో మొత్తం మీద తగ్గలేదు. అయితే అందులోనూ క్రమం తప్పకుండా చేసినవారు తక్కువగా పడ్డారు. అందుకే ముందు జారే కాలిపట్టాలు, నేల మీద వైర్లు, సగం తెరిచి వదిలేసిన తలుపులు సరిచూసి, ఆ తర్వాతే వ్యాయామం మొదలుపెట్టాలి. అది క్రమంగా సాగాలంటే చెప్పింది అర్థం కావాలి.

బొమ్మ లేకుండా ఎలా రాయొచ్చో చూపడానికి కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామాన్ని ఇక్కడ రాస్తున్నాం.

‘చేతులున్న, చక్రాలు లేని గట్టి కుర్చీ వీపును గోడకు ఆనించండి. కుర్చీ ముందు అంచు దాకా జరిగి కూర్చోండి. పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి, మడమలను మోకాళ్ల కంటే కాస్త వెనక్కి పెట్టండి. అరచేతులు కుర్చీ చేతుల మీద ఉంచండి. ముక్కు కాలివేళ్లకు సూటిగా పైన వచ్చేదాకా తుంటి దగ్గర ముందుకు వంగి, మడమలతో నేలను నొక్కుతూ లేవండి. లేచాక రెండు ఊపిరులు తీసుకునేంతసేపు నిలబడండి. తల తిరిగితే కూర్చోండి. కూర్చునే ముందు మోకాళ్ల వెనుక కుర్చీ అంచు తగిలేదాకా వెనక్కి జరగండి. తగలనిదే కూర్చోవద్దు. మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. మొదట 5 సార్లు, అలవాటయ్యాక 10 సార్లు చేయండి.’

తప్పులు కూడా మాటల్లోనే చెప్పాలి. ముందుకు సరిగ్గా వంగకపోతే మనిషి సగం లేచి వెనక్కి కూలబడతాడు. పాదాలు మరీ ముందుకుంటే అసలు లేవలేడు. ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. పైకి వినిపించేలా లెక్కపెడుతూ చేస్తే ఊపిరి బిగబట్టడం కుదరదు.

ఒకే చోట నిలబడి అడుగులు వేయడం తేలికే అనిపిస్తుంది. కానీ కళ్లు మూసుకుని చేస్తే ఎవరైనా తెలియకుండానే ముందుకు జరుగుతారు, పక్కకు తిరుగుతారు. చూపు లేనివారు అలా జరిగి బల్ల అంచుకు కొట్టుకుంటారు. బరువైన కుర్చీ వీపుకో, వంటగట్టుకో వేళ్ల కొసలు ఆనించి చేస్తే ఈ ఇబ్బంది ఉండదు. మడమలు ఎత్తి దించడం, ఒక పాదం ముందు మరో పాదం పెట్టి 10 సెకన్లు నిలబడడం కూడా ఆ ఆసరాతోనే చేయాలి.

నడకకు తోడు లేనప్పుడు ఖాళీ వరండాలో నడుం ఎత్తున తాడు కట్టొచ్చు. అది బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే మనిషి దాంతో పాటు పక్కకు పోతాడు. రెండు చివరలకూ రెండు అడుగుల ముందు ముడి వేస్తే ఆగాల్సిన చోటు చేతికి తెలుస్తుంది. అరచేయి ఒరుసుకుపోకుండా తాడుకు చిన్న పైపు ముక్క తొడిగి దాన్ని పట్టుకోవాలి. పని అయ్యాక తాడు విప్పేయాలి, లేకపోతే మిగతావాళ్లు తట్టుకుంటారు. తోడుంటే వారి మోచేతికి కాస్త పైన పట్టుకుని అర అడుగు వెనుక నడవాలి. తోడున్నవారు చేయి పట్టి లాగకూడదు. శ్రమ సరిపోతోందా అన్నది మాటతోనే తెలుస్తుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

జిమ్‌ల విషయం కాస్త గట్టిగానే చెప్పాలి. కొత్త ట్రెడ్‌మిల్లులకు నున్నటి టచ్ తెరలు వచ్చాయి. ఏది మొదలుపెట్టే మీటో ఏది ఆపేదో వేలికి తెలియదు, తడిమితే యంత్రం కదిలిపోతుంది. మీటలున్న పాత యంత్రాలకు ఉబ్బెత్తు రబ్బరు చుక్కలు అంటిస్తే చాలు. అత్యవసరంగా ఆపే తాడు క్లిప్పును ప్రతిసారీ బట్టకు తగిలించాలి. మొదటిసారి వచ్చిన పెద్దలకు వీపు ఆనించి కూర్చునే సైకిల్ అన్నిటికంటే క్షేమం. యంత్రాల చోటు మార్చితే ముందుగా చెప్పాలి. పాటల మోత తగ్గించాలి, చూపు లేనివారికి దారి చెప్పేది చెవే. ‘తోడు తెచ్చుకుంటేనే రానిస్తాం’ అనడం సరికాదు. ఆటలకూ వినోదానికీ సంబంధించిన స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం చెబుతోంది.

పార్కుల్లోని వ్యాయామ పరికరాలతో ఇంకో చిక్కుంది. చేతికర్ర నేల మీది అడ్డంకిని పట్టుకుంటుంది కానీ ముఖం ఎత్తున వేలాడే కొమ్మనూ, ఊగుతున్న ఇనుప చేతినీ పట్టుకోదు. పరికరాల చుట్టూ నేలను గరుకుగా మార్చితే ఎక్కడ ఆగాలో పాదానికి తెలుస్తుంది. ఈత కొలనులో వరుసల మధ్య తాడే దారి చూపుతుంది. పారాలింపిక్ ఈతలో గోడ దగ్గరవుతుండగా మెత్తటి కొస ఉన్న కర్రతో తట్టి చెబుతారు, మామూలు కొలనులోనూ అది చేయొచ్చు. ఈత రాని పెద్దలు గట్టు పట్టుకుని ఛాతీ లోతు నీళ్లలో నడిచినా మంచి వ్యాయామమే. బట్టలు మార్చుకునే గది నుంచి కొలను దాకా తడి నేల మీద మాత్రం సిబ్బంది తోడు రావాలి.

మీ పత్రికకు మా విన్నపం ఇది. వ్యాయామాన్ని పైన రాసినట్టు మాటల్లో ఇవ్వండి. అచ్చుకు ముందు చూపు లేని ఒకరికి చదివి వినిపించి, వారు ఆగి ప్రశ్న అడిగిన ప్రతిచోటా వాక్యం తిరగరాయండి. దాంతోపాటు ఒక హెచ్చరిక తప్పనిసరి. గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవారు తల కిందకు వాల్చే ఆసనాలు వేయకూడదు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. మధుమేహం వల్ల రెటీనా (కంటి లోపలి వెనుక పొర) బాగా దెబ్బతిన్నవారు బరువులెత్తితే కంట్లో రక్తస్రావం కావచ్చు, ముందు కంటి డాక్టరును అడగాలి. ఈ హెచ్చరికను పేజీ అడుగున కాక వ్యాయామం కంటే పైన వేయండి. వింటూనే చేయడం మొదలుపెట్టేవారికి చివరి వాక్యం ఆలస్యంగా అందుతుంది.

ఇట్లు,
చూపు లేని పెద్దలకు వ్యాయామం నేర్పే శిక్షకులు