రైలు ఇంకా అక్కడెక్కడో ఉందిలే అనిపిస్తుంది

సంపాదకులు గారికి,

మొన్న మా ఊరి రైల్వే గేటు పడి ఉండగా ఒకాయన వెనక కూర్చున్న పాపను దింపి, బండిని పక్కకు వంచి గేటు కిందనుంచి లాక్కుని అవతలికి వెళ్లిపోయాడు, పాప వెనకాలే పరుగు. అందరం అరిచాం. "రైలు ఇంకా అక్కడెక్కడో ఉంది కదండీ" అన్నాడు నవ్వుతూ. ఆయన అవతల కాలు పెట్టిన దగ్గర్నుంచి అంకెలు లెక్కపెట్టాను. ఎనిమిది అనేలోపు సూపర్‌ఫాస్ట్ మా మొహాన దుమ్ము కొట్టి పోయింది.

ఆయన్ని తిట్టడానికి రాయడం లేదు. ఆయన కంటికి రైలు నిజంగానే అక్కడెక్కడో, నింపాదిగా వస్తోంది. మాది కాజీపేట - గూడూరు లైను, 2022లో వేగం గంటకు 130 కిలోమీటర్లకు పెంచారు, అంటే సెకనుకు 36 మీటర్లు. ఎదురుగా వచ్చే ఇంజను కిలోమీటరు దూరంలో ఉంటే దాని వెడల్పు మనం చేయి చాచి పట్టుకున్న ఆవగింజంత. 14 సెకన్లలో అర కిలోమీటరుకు వచ్చేస్తుంది, అప్పుడూ పెసరగింజంతే. ఇంకో 7 సెకన్లకు శనగగింజంత. ఇక మిగిలింది 7 సెకన్లే, ఆ కాస్తలోనే గింజ కాస్తా కొండవుతుంది! ఎదురుగా వచ్చేదాని వేగాన్ని మెదడు అది ఎంత త్వరగా పెద్దదవుతోందో చూసి అంచనా వేస్తుంది కాబట్టి, మొదటి ఇరవై సెకన్లూ "పర్లేదు, వెళ్లు" అనే చెబుతుంది.

పైగా పెద్ద వస్తువు నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపించడం ఇంకో తిరకాసు. శంషాబాద్‌లో దిగే విమానాన్ని చూడండి, గంటకు 200 కిలోమీటర్ల పైనే వస్తున్నా గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది. గేట్ల దగ్గర జనం పొరపాటు పడటానికి ఇదొక కారణమని హెర్షెల్ లీబోవిట్జ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1985లోనే రాశాడు.

తెలిస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. రెండు సమానమైన గీతలు గీసి, ఒకదాని కొనలకు బాణాలు లోపలికి, రెండోదానికి బయటికి పెట్టి, స్కేలుతో కొలిచి చూపించినా పిల్లలు "ఇదే పొడుగు సార్" అంటారు. కొలిచిన నాకూ అలాగే కనిపిస్తుంది మరి.

అందుకే "గేటు దాటడం నేరం" అన్న బోర్డు ఒక్కటే చాలదు. దాని పక్కనే "రైలు మీకు కనిపిస్తున్న దానికంటే వేగంగా వస్తోంది, అంచనా వేయకండి" అని పెద్ద అక్షరాలతో రాయించాలి. అన్నిటికంటే ముందు గేటు కడ్డీకి కింద వేలాడే జాలీ సరిగ్గా ఉండాలి. మా గేటుకి అది సగం ఊడిపోయి చాలా రోజులైంది. బండ్లన్నీ ఆ ఖాళీలోంచే దూరుతున్నాయి. రెండుసార్లు చెప్పాం, "పైకి రాశాం" అంటున్నారు.

- ఒక ఉపాధ్యాయుడు, మహబూబాబాద్ జిల్లా