స్పర్శ జ్యామితి కిట్లలో లోపాలపై ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం అధికారి గారికి,

విషయం: అంధ విద్యార్థుల జ్యామితి కిట్లలో లోపాలు, పరికరాల మార్పిడి గురించి.

అయ్యా,

మా అంధుల ఆశ్రమ పాఠశాలలో 8, 9, 10 తరగతుల కోసం మీ దగ్గర 12 జ్యామితి కిట్లు కొన్నాం. ప్లాస్టిక్ గట్టిది, అంచులు గుచ్చుకోవు, పెట్టెలో ప్రతి పరికరానికీ విడిగా గడి ఉంది. అంతవరకు సంతోషమే. కానీ అసలు పరికరాలు వేలితో చూసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినట్టు లేవు.

అన్నిటికన్నా పెద్ద లోపం వృత్తలేఖినిలో ఉంది. పెన్సిల్ ఉండాల్సిన కాలికి పళ్ల చక్రం పెట్టారు, ఆలోచన మంచిదే. అయితే ఆ చక్రం వృత్తం వెంట దొర్లాలంటే దాని ఇరుసు కేంద్రం వైపు తిరిగి ఉండాలి. మీరు దాన్ని అడ్డంగా బిగించారు. దాంతో చక్రం దొర్లకుండా పక్కకు ఈడ్చుకుపోయి బ్రెయిలీ కాగితాన్ని చీలుస్తోంది. సరిచేద్దామంటే మర లేదు, రివెట్ కొట్టేశారు. కింద పరిచే రబ్బరు షీటు కూడా మరీ గట్టిది. చక్రం పంటి కింద రబ్బరు లోపలికి దిగితేనే కాగితానికి అవతల వైపు చుక్క లేస్తుంది. బ్రెయిలీ చుక్క ఎత్తు సుమారు అర మిల్లీమీటరు. మీ షీటు మీద గీసిన గీత అందులో సగం కూడా లేవడం లేదు. ఇంకా నొక్కితే కాగితానికి చిల్లు పడుతోంది.

చుక్కలు వెనక వైపు లేస్తాయి కాబట్టి కాగితం తిప్పి చూసేసరికి కుడి ఎడమలు తారుమారవుతాయి. వృత్తానికి దీనివల్ల నష్టం లేదు. గ్రాఫులో మాత్రం (2, 3) బిందువు కాస్తా (–2, 3) అయిపోతుంది. మీ సూచనల పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. గీసిన వైపే గీత ఉబ్బే ప్లాస్టిక్ ఫిల్ములు ఇచ్చి ఉంటే ఈ చిక్కే రాదు.

కోణమానిని మీద ప్రతి డిగ్రీకీ ఒక ఉబ్బెత్తు గీటు పెట్టారు. వ్యాసార్థం 5 సెం.మీ. కాబట్టి గీటుకూ గీటుకూ మధ్య 0.9 మి.మీ. కూడా రాదు. బ్రెయిలీ గడిలో (ఒక అక్షరానికి పట్టే ఆరు చుక్కల చోటులో) పక్కపక్క చుక్కల మధ్యే దాదాపు 2.5 మి.మీ. ఎడం ఉంటుంది. మీ గీట్లు వేలికి ఆకురాయి అంచులా తగులుతున్నాయి తప్ప లెక్కకు అందడం లేదు. 5 డిగ్రీలకు ఒక చుక్క, 10కి పొట్టి గీటు, 30కి పొడుగు గీటు చాలు. కేంద్రం దగ్గర గుండుసూది దిగే రంధ్రం కూడా తప్పనిసరిగా కావాలి. అది లేక, కోణం కొలిచే లోపే పరికరం జారిపోతోంది.

స్థూపం, శంకువు జత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకే భూమి, ఒకే ఎత్తు ఉంటే మూడు శంకువుల ఇసుకతో స్థూపం నిండాలి. మీరు బయటి కొలతలు సమానం చేశారు, లోపలివి వదిలేశారు. లోపలి వ్యాసం స్థూపానికి 5.6 సెం.మీ., శంకువుకు 5.2 సెం.మీ. లోపలి ఎత్తులు సమానమే అనుకున్నా దాదాపు మూడున్నర శంకువుల ఇసుక పడుతుంది. చూపులేని పిల్లలకు చేతికి తగిలిందే రుజువు. సూత్రం ఒకటి చెప్పి చేతిలో ఇంకొకటి పెడితే వాళ్లు దేన్ని నమ్మాలి?

జియోబోర్డు, అంటే మేకులకు రబ్బరు బ్యాండ్లు తగిలించి ఆకారాలు చేసే పలక, దాని మేకులు పొట్టివి, తలల్లేవు. వేలు తగలగానే రబ్బరు బ్యాండ్లు ఊడిపోతున్నాయి. సూచనల పుస్తకం పీడీఎఫ్ మొత్తం స్కాన్ చేసిన బొమ్మలే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటిని చదవలేదు. మాలో చూపులేని ఉపాధ్యాయులు ఉన్నారని గుర్తుచేస్తున్నాం.

"వీళ్లకు జ్యామితి ఎందుకులే" అని బొమ్మల పాఠాలు దాటేసే అలవాటు ఇంకా పోలేదు. పనికిరాని పరికరం ఆ మాటకే బలం ఇస్తుంది.

కాబట్టి 12 కిట్లకూ వృత్తలేఖిని, రబ్బరు షీటు, కోణమానిని, స్థూపం–శంకువు జత, జియోబోర్డు మార్చి పంపండి. సూచనలు తెలుగు బ్రెయిలీలోనూ, యూనికోడ్ ఫైలుగానూ ఇవ్వండి. కొత్తవి తయారుచేసే ముందు నమూనా ఒకటి పంపితే పిల్లల చేత వాడించి చూసి చెబుతాం, దానికి రుసుము అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాం.

ఇట్లు,
గణిత ఉపాధ్యాయులు,
అంధ బాలబాలికల ఆశ్రమ పాఠశాల

జతచేసినవి: బిల్లు నకలు, చీలిన బ్రెయిలీ కాగితాలు, శంకువు లోపలి కొలతల పట్టిక.