కలిస్ కంటే కపిలే ముందు

సంపాదకులు గారికి,

ఆల్‌రౌండర్ల చర్చ వస్తే మా అమలాపురం కుర్రాళ్లు ఫోన్ తీసి దక్షిణాఫ్రికా ఆటగాడు కలిస్ అంకెలు చూపిస్తారు. 13,289 టెస్టు పరుగులు, 292 వికెట్లు, 200 క్యాచ్‌లు, నిజంగా గొప్పే, కాదనను. కానీ అంకెలు కూడి తేల్చేసే లెక్కా ఇది?

మొదటి స్థానం వెస్టిండీస్ ఆటగాడు సోబర్స్‌దే, అందులో నాకు రెండో మాట లేదు. 57.78 సగటుతో 8,032 పరుగులు, పైగా పేస్, ఎడమచేతి స్పిన్‌లో రెండు రకాలూ వేసి 235 వికెట్లు, అంటే ఒక్క మనిషిలో ముగ్గురు బౌలర్లన్నమాట. రెండో స్థానం మాత్రం మన కపిల్ దేవ్‌కే ఇస్తాను. కోతలయ్యాక చేలల్లో కొబ్బరిమట్ట బ్యాటుతో ఆడి పెరిగినవాళ్లం, ఎండిన నేలమీద ఫాస్ట్ బౌలింగ్ ఎంత కష్టమో మాకు తెలుసు. మన పిచ్‌లమీద, అవతలి వైపు సరైన పేసర్ తోడు లేకుండా ఏళ్ల తరబడి భారమంతా మోసి 131 టెస్టుల్లో 434 వికెట్లు తీశాడాయన, 5,248 పరుగులూ చేశాడు. కలిస్‌కి తోడుగా డొనాల్డ్, పొలాక్, స్టెయిన్ లాంటి పేసర్లు ఉన్నారు కదండీ! 1983 ప్రపంచకప్‌లో జింబాబ్వే మీద 17కే 5 వికెట్లు పోయాక కపిల్ కొట్టిన 175 నాటౌట్ ఏ సగటులో కనిపిస్తుంది?

పాకిస్తాన్ ఆటగాడు ఇమ్రాన్ ఖాన్‌ది 22.81 బౌలింగ్ సగటు (వికెట్‌కి ఇచ్చిన పరుగులు, ఎంత తక్కువైతే అంత మేలు), ఆయన్ని రెండులో పెడతానంటే మాత్రం నేను గట్టిగా వాదించలేను.

- ఒక పాఠకుడు, అమలాపురం