డ్యూన్ సిరీస్ చూడాలంటే ముందు సినిమాలు చూడాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

‘డ్యూన్: ప్రాఫెసీ’ అనే టీవీ సిరీస్ మొదటి సీజన్ 2024 డిసెంబర్ 22తో అయిపోయింది కదా, దాని మీద మీ సినిమా పేజీలో వేసిన వ్యాసం చదివాను. రెండు సంగతులు నచ్చలేదు, అందుకే రాస్తున్నాను. 2021లో, 2024లో వచ్చిన డ్యూన్ సినిమాలు చూడనివాళ్లకు ఈ సిరీస్ ఒక్క ముక్క కూడా అర్థం కాదన్నారు. పైగా ఇదేదో టబు సిరీస్ అన్నట్టు సగం పేజీ ఆవిడ ఫొటోయే వేశారు.

సినిమాల మాట అస్సలు ఒప్పుకోను. ఆ సినిమాల్లో హీరో పాల్ అట్రైడిస్. ఈ కథ అతను పుట్టడానికి పదివేల ఏళ్ల ముందుది. అంటే అక్కడ చూసిన మనిషి ఒక్కరు కూడా ఇక్కడ ఉండరు. మిగిలేవల్లా అట్రైడిస్, హార్కొన్నెన్ అనే రెండు ఇంటిపేర్లు, వాళ్ల మధ్య పగ, ఒక ఇసుక గ్రహం, అక్కడ దొరికే స్పైస్ అనే సరుకు కోసం పెద్దవాళ్ల కొట్లాట. ఇది తెలియనివాళ్లకు రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు. మా ఇంట్లో ఇంగ్లీషులోనే చూశాం, అమ్మకి నేను పక్కన కూర్చుని మధ్యమధ్యలో చెబుతూ పోయాను. సినిమాలు రెండూ చూసిన మా తమ్ముడు ఇది ఏ గ్రహం, అది ఏ గ్రహం అని ఫోన్‌లో వెతుక్కుంటూ ఉంటే, ఈ కథ నడిపే వాల్యా, టూలా అనే అక్కచెల్లెళ్లలో ఎవరు ఎవర్ని ఆడిస్తున్నారో అమ్మ ముందే పట్టేసింది. మొదటి ఎపిసోడ్‌లోనే చక్రవర్తి తన కూతురికి తొమ్మిదేళ్ల పిల్లాడితో సంబంధం ఖాయం చేస్తాడు, పిల్లాడి తండ్రి దగ్గరున్న యుద్ధనౌకల కోసం. “ఇంతకీ ఆ పిల్లాణ్ని అడిగారా ఎవరైనా?” అంది అమ్మ. రాజావారి సంబంధాల కబుర్లు వింటూ పెరిగినవాళ్లం, పర్లాకిమిడి వాళ్లకి ఇలాంటి పెళ్లి గురించి వేరే సినిమా చూసి నేర్చుకోవాల్సింది ఏముంది చెప్పండి.

టబు మీద అభిమానం మాకూ ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన ఆవిడ, ‘నిన్నే పెళ్లాడతా’ ఇప్పుడు టీవీలో వచ్చినా ఛానల్ మార్చం. కానీ ఉన్నవి ఆరు ఎపిసోడ్లు, సిస్టర్‌హుడ్ అనే ఆడవాళ్ల సంఘంలో సిస్టర్ ఫ్రాన్సెస్కాగా టబు కనిపించేది అయిదో దాంట్లో. ఆవిడ కోసమే మొదలుపెట్టిన మా వీధిలో ఒకావిడ రెండో వారానికే విసుగొచ్చి మానేశారు. సిరీస్ మొత్తం మోసింది ఆ అక్కచెల్లెళ్లుగా వేసిన ఎమిలీ వాట్సన్, ఒలీవియా విలియమ్స్. వాళ్లిద్దరికీ కలిపి మీరు రాసింది ఒక్క వాక్యం!

అసలు రాయాల్సింది మీరు వదిలేశారు. వీటన్నిటికీ మూలమైన ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నాటి ‘డ్యూన్’ నవలలోనే ఉంది ఇది: ఒకప్పుడు మనుషులు ఆలోచించే యంత్రాల మీద తిరగబడి గెలిచారు, ఆ తర్వాత అలాంటి యంత్రం తయారుచేయడమే నిషేధం. కంప్యూటర్ ఉండకూడదు కాబట్టి లెక్కలు కట్టడానికి మనుషులనే తర్ఫీదు చేసి పెట్టుకుంటారు, ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడో లేదో కనిపెట్టడానికి ఈ సిస్టర్లను తెచ్చి సింహాసనం పక్కన కూర్చోబెట్టుకుంటారు, దాంతో సగం పెత్తనం వాళ్ల చేతిలోకి పోతుంది. పెళ్లివేడుకలో ఆ పిల్లాడి చేతిలో బల్లిబొమ్మ అలాంటి యంత్రమని బయటపడేసరికి సభంతా హడలిపోతుంది. ఒక్క బొమ్మకి! ఇక్కడ మా ప్లస్ టూ పిల్లలు వ్యాసం కూడా ఏఐ చేత రాయించుకుంటున్న రోజుల్లో ఆ సీన్ చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇంత నిషేధం ఉన్న లోకంలో ఎవరి దగ్గర యంత్రం దాచి ఉందో నేను చెప్పను, చూడనివాళ్లు చూసుకుంటారు.

అలాగని సిరీస్ గొప్పదేం కాదు. యంత్రాల మీద మనుషులు చేసిన ఆ యుద్ధాన్ని మొదట్లో గబగబా చూపించి వదిలేశారు, నాకైతే అదే ఒక సీజన్ కావాలి. పేర్లు మరీ ఎక్కువ, వెలుతురు మరీ తక్కువ, చివరి ఎపిసోడ్‌లో అన్నీ ఒకేసారి కుక్కేశారు. 2019లో ప్రకటించిన సిరీస్ 2024 నవంబర్‌లో గానీ రాలేదు, ఈలోగా దర్శకులూ మారారు, కొందరు నటులూ మారారు. ఆ అతుకులు కనిపిస్తూనే ఉంటాయి. ఇవన్నీ రాయండి, ఎవరూ కాదనరు.

నేను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మా ఊరికి మీ పేపర్ ఆంధ్రాలోని పాతపట్నం మీదుగా వస్తుంది. ఇక్కడ చాలామంది పిల్లల చదువు ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో. వాళ్లు కూడబలుక్కునైనా తెలుగు చదివేది మీ సినిమా పేజీ కోసమే. “ఇది మీకు అర్థం కాదు” అని ఆ పేజీయే చెబితే వాళ్లు చూడటమూ మానేస్తారు, చదవటమూ మానేస్తారు.

రెండో సీజన్ ఉంటుందని డిసెంబర్ 19నే ప్రకటించారు. అది వచ్చినప్పుడు ఇంకొక్క మేలు చేయండి. అమెరికాలో ఆదివారం రాత్రి వేసేది మనకి సోమవారం ఉదయం వస్తుంది, మేము పనులన్నీ ముగించుకుని రాత్రికి గానీ టీవీ ముందు కూర్చోలేం. ఈసారి ఎవరు చనిపోయారో సోమవారం మధ్యాహ్నానికే మీ వెబ్‌సైట్ హెడ్డింగ్‌లో పెట్టేశారు. కనీసం రెండు రోజులు ఆగండి.

ఇట్లు
ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా