బండిలోనే ఇల్లుందని పరుగులు పెట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఎం.వి.పి. కాలనీలో మేముండే అపార్ట్‌మెంటులోనే నలుగురి పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఏటా ఎవరో ఒకరు వెళ్లి ఆర్నెల్లు ఉండి వస్తుంటారు. ఇదివరకు పిల్లలు నయాగరా, న్యూయార్క్ చూపించి పంపేవాళ్లు, ఇప్పుడు ఆర్‌వీ అద్దెకు తీసుకుని ఎడారులూ కొండలూ తిప్పుతున్నారు. ఆర్‌వీ అంటే వంటగది, మంచాలు, బాత్‌రూమ్ అన్నీ లోపలే ఉన్న బండి. మీ ఆదివారం సంచికలో కూడా ఇలాంటి యాత్రల ఫొటోలు వస్తుంటాయి, చాలా బాగుంటాయి. కానీ రోజుకు ఎన్ని గంటలు నడపాలి, ఎక్కడ ఎన్ని రాత్రులు ఉండాలి, పెద్దవాళ్లు తట్టుకోగలరా అన్న సంగతి ఒక్క ముక్క ఉండదు. 2023 సెప్టెంబరు చివర్లో మా అబ్బాయి కుటుంబంతో మేం వెళ్లినప్పుడు పడ్డ ఇబ్బందుల్లో చాలావరకు ప్లాన్ వేసుకోవడంలో వచ్చినవే, అందుకే ఇక ముందు వెళ్లేవాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ప్లాన్ ఇదీ: లాస్ వేగస్‌లో బండి తీసుకోవడం, అక్కణ్నుంచి యూటా రాష్ట్రంలోని జయాన్, బ్రైస్ కాన్యన్ అనే జాతీయ పార్కులు, తర్వాత అరిజోనాలోకి దిగి పేజ్ ఊరు, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్ చూసుకుని మళ్లీ లాస్ వేగస్. ఆరు రోజులు, అంతా కలిపి సుమారు 1600 కిలోమీటర్లు. మనం విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లి తిరిగొస్తే అయ్యే దూరానికి ఇంకో మూడొందల చిల్లర కలిపినంతే కదా అనిపించింది మాకు. అది కారు లెక్క అని రెండో రోజుకే అర్థమైంది. ఇరవై అయిదు అడుగుల పొడవు, పన్నెండడుగుల ఎత్తున్న బండి, లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప, గాలి గట్టిగా వీస్తే పక్కకు లాగేస్తుంది, ఫోన్‌లో మూడు గంటలని చూపించిన దారికి మాకు నాలుగున్నర గంటలు పట్టింది. పొద్దున బయల్దేరే ముందు కరెంటు కేబులు, నీళ్ల పైపు ఊడదీసి చుట్టి పెట్టుకోవాలి, మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేయాలి (ముందు మరుగుదొడ్డి నీళ్లు, ఆ తర్వాత వంటింటి నీళ్లు వదలాలి, అప్పుడే పైపు శుభ్రమవుతుంది), గిన్నెలన్నీ సర్దాలి, ప్రతి అర తలుపుకూ గడియ పడిందో లేదో చూడాలి. దీనికే గంట. సాయంత్రం ఇంకో చోట ఆగాక ఇదంతా తిరగేసి చేయాలి. రోజూ ఊరు మారితే రోజూ ఈ పనే.

ఆ తొందరలోనే రెండో రోజు పై అర గడియ సరిగా పడలేదు. జయాన్ దాటాక ఒక మలుపులో నేను విశాఖ నుంచి మోసుకెళ్లిన ఆవకాయ సీసా కిందపడి పగిలింది. నూనే గాజు పెంకులూ కలిసిపోయి నేలంతా ఎర్రగా పాకింది, మనవరాలు బెల్టు పెట్టుకుని సీట్లో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అప్పటికి రెండుసార్లు మంచినీళ్లకని లేస్తానంది. బండి కదులుతున్నప్పుడు ఎవరూ లేవకూడదు. లోపల ఇల్లులా ఉంటుంది కాబట్టి ఆ మాట మర్చిపోతాం.

అసలు టెన్షన్ బ్రైస్‌లో వచ్చింది. లాస్ వేగస్ ఉండేది 600 మీటర్ల ఎత్తులో, జయాన్ లోయ 1200, బ్రైస్ అంచు 2400 నుంచి 2700 మీటర్ల దాకా ఉంటుంది. మన అరకు 900 మీటర్లే. సముద్రం ఒడ్డున బతికేవాళ్లను రెండు రోజుల్లో అంత ఎత్తుకు తీసుకెళ్తే ఒళ్లు ఊరుకోదు. మా ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, షుగరుంది. బండి దిగి వంద అడుగులు నడిచేసరికి ఆయాసం, తలనొప్పి, రాత్రంతా నిద్ర లేదు. పైగా తెల్లవారుజామున లంబసింగి చలిని మించిన చలి. కుక్కర్ తీసుకెళ్లలేదు, మామూలు గిన్నెలో అన్నం పెడితే ఎంతసేపటికీ పలుకు పోలేదు, ఆ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయట. పప్పు సంగతి చెప్పక్కర్లేదు. చిన్న కుక్కర్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి, షుగరున్నవాళ్లకు వేళకు అన్నం ఉడకడం చిన్న విషయం కాదు.

మర్నాడు పేజ్‌లో యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి లోయకు టికెట్లు కొని ఉన్నాయి. డబ్బు పోతే పోయిందని మా అబ్బాయి కదలకుండా ఇంకో రాత్రి అక్కడే ఉంచాడు. ఆ ఒక్క రోజే మొత్తం యాత్రలో మేం నిజంగా చూసిన రోజు. ఆయన కాస్త తేరుకున్నాక అంచు మీద బెంచీలో కూర్చోబెట్టాం. కింద వేల కొద్దీ రాతి స్తంభాలు, నారింజ రంగు, గులాబీ, తెలుపు, ఎండ జరిగే కొద్దీ రంగు మారుతూ ఉన్నాయి. ఆయన పెరిగింది భీమిలిలో, చిన్నప్పుడు ఎర్రమట్టి దిబ్బల్లో ఆడుకున్నారు. వాన నీళ్లు కోసిన ఆ సందులూ ఆ గోడలూ చూపిస్తూ మనవరాలికి ఎర్రమట్టి దిబ్బలు ఎలా ఏర్పడ్డాయో చెప్పడం మొదలుపెట్టారు. జయాన్ కొండలు ఒకప్పుడు ఇసుక దిబ్బలేనని, సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట గాలి పోసిన ఇసుక గట్టిపడి రాయయిందని అక్కడి బోర్డు మీద చదివాం. రాయి మీద వాలుగా ఉన్న గీతలు ఆనాటి గాలి ఎటు వీచిందో చెప్పే గుర్తులేనట. ముందురోజు ఆ కొండల పక్క నుంచే వెళ్లాం, ఆవకాయ తుడుచుకుంటూ ఒక్కరమూ తలెత్తి చూడలేదు. నాకు ఇప్పటికీ బాధ అదే.

ఎడారి గాలి గురించి కూడా చెప్పాలి. విశాఖలో చెమట ఒంటికి అంటుకుని ఉంటుంది కాబట్టి దాహం తెలుస్తుంది. అక్కడ చెమట పట్టినట్టే తెలియదు, పట్టగానే ఆరిపోతుంది, పెదవులు పగిలాక గానీ గుర్తు రాదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల మంచినీళ్లు లెక్కేసుకోవాలి. వేసవిలో మాత్రం డెత్ వ్యాలీని ఇందులో కలపాలని చూడకండి, 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైన చోటు అది, బండ్లు అద్దెకిచ్చే వాళ్లు చాలామంది వేసవిలో అక్కడికి పోనివ్వరు కూడా.

అరకు ఘాట్‌లో తిరిగే డ్రైవర్లను అడిగితే ఎక్కిన గేరులోనే దిగమంటారు. అక్కడా అదే మాట. ఇంత బరువున్న బండిని బ్రేకు మీదే దింపితే బ్రేకులు వేడెక్కి పట్టడం మానేస్తాయి. జయాన్ నుంచి బ్రైస్ వైపు వెళ్లే దారిలో 1930లో పూర్తయిన సొరంగం ఉంది, పొడవు కిలోమీటరున్నర పైనే, ఇంత పెద్ద బండ్ల కోసం తవ్వింది కాదు. మేం వెళ్లినప్పుడు ఎదురు బండ్లు ఆపేసి మమ్మల్ని రోడ్డు మధ్య నుంచి పంపించారు, దానికి వేరే రుసుము కట్టాం. పెద్ద బండ్ల నిబంధనలు మారుతుంటాయి, కాబట్టి బండి బుక్ చేసే ముందే దాని ఎత్తు, వెడల్పు రాసుకుని పార్కు వాళ్ల తాజా నిబంధన చూసుకోండి, లేకపోతే చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తుంది.

జులై నుంచి సెప్టెంబరు దాకా అక్కడా వానలు పడతాయి. మన ఏజెన్సీ గెడ్డల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పై కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగుతుంది. 1997 ఆగస్టు 12న యాంటిలోప్ కాన్యన్‌లో సరిగ్గా అలాగే జరిగి 11 మంది పోయారు, వాన పడింది ఎక్కడో మైళ్ల దూరంలో. గైడు ఈరోజు వద్దంటే వాదించకండి.

టైమ్ సంగతికొస్తే, వేసవిలో యూటాలో గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, అరిజోనాలో జరపరు, అరిజోనాలోనే ఉన్న నవాహో అనే ఆదివాసీల ప్రాంతంలో మళ్లీ జరుపుతారు. పేజ్‌లో భోజనానికి ఆగినప్పుడు బండిలో గడియారం అక్కడి టైమ్‌కు మార్చాం. నవాహో వాళ్ల మాన్యుమెంట్ వ్యాలీ చేరేసరికి మేం బుక్ చేసిన జీపు గంట కిందటే వెళ్లిపోయింది. లోపలి 17 మైళ్ల మట్టిరోడ్డు మీదికి ఆర్‌వీలను రానివ్వరు, జీపు పోతే ఇక పై నుంచి చూసి రావడమే. జాతీయ పార్కుల పాసు కూడా అక్కడ చెల్లదు.

బండి అప్పగించేటప్పుడు ఆ అద్దె కంపెనీ కుర్రాడు ఇరవై నిమిషాల్లో అన్నీ చెప్పేసి వెళ్లిపోయాడు. గ్యాస్ ఎక్కడ కట్టేయాలి, ఫ్రిజ్ కరెంటు నుంచి గ్యాస్‌కు ఎలా మార్చాలి అన్నవి రాత్రి పదింటికి టార్చిలైటు వేసుకుని వెతుక్కున్నాం, లోపల మా ఆయన ఇన్సులిన్ ఉంది. ఫోన్‌లో వీడియో తీసుకోండి, ఎంత తొందరపెట్టినా సరే. పార్కుల్లోని క్యాంపులు నెలల ముందే నిండిపోతాయి, పైగా అన్నిచోట్లా కరెంటు ఉండదు. గ్రాండ్ కాన్యన్‌లో మాథర్ క్యాంపులో కనెక్షన్ లేదు, ముప్పై అడుగులు దాటిన బండిని తీసుకోరు, అక్కడే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో అన్నీ ఉంటాయి. రాత్రి మందులకో మిషనుకో కరెంటు కావాల్సిన పెద్దవాళ్లుంటే ఇది ముందే చూడాలి. పెట్రోలు సగం ట్యాంకు కాగానే నింపుకోండి, బంకుకూ బంకుకూ మధ్య చాలా దూరాలుంటాయి, సిగ్నల్ కూడా ఉండదు.

నన్నడిగితే ఆరు రాత్రులకు మూడు చోట్లు చాలు, ఒక్కోచోట రెండు రాత్రులు. రోజుకు నడిపేది మూడు గంటలు మించకూడదు, ఎత్తున్న చోటు చివర్లో పెట్టుకోవాలి. మీ యాత్రల పేజీలో ఫొటో కింద ఆ చోటు ఎంత ఎత్తులో ఉంది, ఏ నెలలో వెళ్లాలి అని రెండు లైన్లు వేస్తే చాలామందికి పనికొస్తుంది. తల్లిదండ్రులతో వెళ్లొచ్చిన మిగతావాళ్లు కూడా రాస్తే బాగుంటుంది.

ఈ అక్టోబరులో మా చెల్లెలూ మరిదిగారూ వెళ్తున్నారు. వాళ్ల అల్లుడు పంపిన ప్లాన్‌లో ఏడు రోజులకు ఆరు చోట్లున్నాయి. మా ఆయన పెన్ను తీసుకుని అందులో మూడు కొట్టేశారు, బ్రైస్‌ను చివరికి జరిపి పక్కన మూడు రాత్రులు అని రాసి, కింద కుక్కర్ అని కూడా రాసి, ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపించారు. అల్లుడు రెండు చోట్లు తీసేయడానికి ఒప్పుకున్నాడు, మూడో దాని మీద ఇంకా మాట్లాడుకుంటున్నారు.

– ఒక పాఠకురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం